జపాన్‌తో రెండు మ్యాచ్‌లు: సయ్యద్ నయీముద్దీన్ కథ

ఇయ్యాల కథ మొదలుపెట్టేముందు రెండు స్కోర్లు చెప్తా, గుర్తుపెట్టుకోండి.

1970 డిసెంబర్, బ్యాంకాక్. ఇండియా 1, జపాన్ 0.

2006 ఫిబ్రవరి, యోకోహామా. జపాన్ 6, ఇండియా 0.

మొదటి మ్యాచ్‌లో ఇండియా కెప్టెన్ ఒక హైదరాబాదీ డిఫెండర్. రెండో మ్యాచ్‌లో ఇండియా కోచ్ కూడా ఆ మనిషే. పేరు సయ్యద్ నయీముద్దీన్. ఈ రెండు స్కోర్ల మధ్య 35 ఏళ్ళున్నాయి. ఆ 35 ఏళ్ళలో ఏం జరిగిందో అర్థమైతే మన ఫుట్‌బాల్ ఎక్కడికి పోయిందో అర్థమైతది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలె. నేను పెరిగింది గోదావరిఖనిలో, సింగరేణి క్వార్టర్లలో. పాత కరీంనగర్ జిల్లా. గోదావరి దాటితే మంచిర్యాల, అంటే పాత ఆదిలాబాద్ జిల్లా. మా అమ్మమ్మ వాళ్ళు అటువైపు. సెలవులిస్తే బ్రిడ్జి దాటుడు, అటు గ్రౌండ్‌లో ఆడుడు, స్కూళ్ళు తెరవంగనే ఇటు గ్రౌండ్‌లో ఆడుడు. ఎక్కువ క్రికెటే. వానాకాలంలో పిచ్ బురద అయినప్పుడు మాత్రం ఎవడో ఒక ఫుట్‌బాల్ తెచ్చేటోడు. జట్లు పంచుకునేటప్పుడు బాగా ఉరికేటోళ్ళు ముందుకి, ఆట రానోడు వెనక్కి. నన్ను ఎప్పుడూ వెనకనే నిలబెట్టేవాళ్ళు. బాల్ వస్తే గట్టిగా తన్ను, ఎటు పోయినా పర్లేదు. డిఫెన్స్ గురించి మాకు తెలిసిందంతా అదే.

తర్వాత బీటెక్, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు ఈ వీడియోలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రాత్రి షిఫ్ట్‌లో ఊరికే పాత ఏషియన్ గేమ్స్ రికార్డులు చూస్తూ కూర్చున్నా. 1970 ఫుట్‌బాల్ కాంస్యం, కెప్టెన్ ఎస్. నయీముద్దీన్, హైదరాబాద్ అని కనిపించింది. మన రాష్ట్రపు మనిషి ఇండియా కెప్టెన్, పతకం కూడా తెచ్చాడు, ఇరవై అయిదేళ్ళొచ్చినా నాకు ఆ పేరే తెల్వదు. కొంచెం సిగ్గనిపించింది. ఆ సిగ్గు తీర్చుకోవడానికి చదవడం మొదలుపెట్టా.

సరే, కథలోకి వద్దాం.

నయీముద్దీన్ పుట్టింది 1944లో, హైదరాబాద్‌లో. ఆ ఊరిని ఆ రోజుల్లో ఎట్లా ఊహించుకోవాలంటే, ఇప్పుడు బిర్యానీ అంటే హైదరాబాద్ ఎట్లనో, అప్పుడు ఫుట్‌బాల్ అంటే కూడా అట్లనే. కలకత్తా పెద్ద బజారు, హైదరాబాద్ కార్ఖానా. దీని వెనక ఒకే మనిషి పేరు ముందుగా చెప్పాలి: సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా వచ్చింది కదా, ఆయన కథే. వృత్తికి బడిపంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా కోచ్‌గా రహీం సాబ్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చారు. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది.

రహీం సాబ్ పిల్లలకి ఆట నేర్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం. డ్రిబ్లింగ్ చేయొద్దు అని రూల్ పెట్టి టోర్నమెంట్లు నడిపేవారు. బాల్ కాలికి తగిలిందంటే పాస్ ఇవ్వాల్సిందే, సోకులు పడకూడదు. ఇంకో పోటీలో బలహీనమైన కాలుతోనే ఆడాలి. కుడి కాలోడు ఎడమ కాలుతో, ఎడమ కాలోడు కుడి కాలుతో. ఇందులో ఖర్చేముంది? ఏమీ లేదు. ఒక గ్రౌండ్, ఒక బాల్, ఒక రూల్. కోడ్ రాసేటోళ్ళకి బాగా అర్థమైతది ఇది: ఒక చిన్న షరతు పెడితే మొత్తం సిస్టమ్ నడక మారిపోతది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన ఇయ్యాల్టి కథకి పనికొస్తది. 1962 జకార్తాలో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కి తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని ఇంటికి పంపలేదు, వెనకా పెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్‌లో గోల్, ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద గోల్. 2-1తో బంగారం. అంటే డిఫెండర్ ఆట రానోడు కాదు, ఆటంతా చూసేటోడు అని రహీం సాబ్‌కి తెలుసు. గోదావరిఖని గ్రౌండ్‌లో మాకే తెల్వదు.

1963 జూన్ 11న రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. నయీముద్దీన్‌కి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. అరవైల మొదట్లో సిటీ పోలీస్ జట్టులోకి వచ్చిన కుర్రాడు. రహీం సాబ్ నాటిన తోటలో ఆఖరి కాపు అనుకోండి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తది. కార్ఖానా బాగుంది, సరుకు బాగుంది, మరి సరుకు ఎక్కడికి పోయింది? కలకత్తాకి. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్బులు. డబ్బు అక్కడ, జనం అక్కడ, పేపర్లో ఫోటో అక్కడ. మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం యాభైల్లోనే అక్కడికి పోయారు. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. హబీబ్ ఎవరంటే, 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినాయన. ఆ మ్యాచ్ 2-2 డ్రా. ఆయన కూడా మనోడే, హైదరాబాదీయే. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన మీద ఒక ఎపిసోడ్ బాకీ ఉన్నా, చేస్తా.

మనవాళ్ళు ఇప్పుడు డల్లాస్ పోయినట్టు, అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాలర్లు కలకత్తా పోయేవాళ్ళు. పోయినవాళ్ళని నేను తప్పు పట్టట్లేదు. మా బ్యాచ్‌లో సగం మంది సముద్రం దాటారు. కానీ పోయినోడు బాగుపడితే ఊరు బాగుపడినట్టేనా అనేది వేరే లెక్క.

నయీముద్దీన్ ఆ మూడు పెద్ద క్లబ్బులకీ ఆడారు. ఇది మామూలు సంగతి కాదు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానుల మధ్య వైరం ఎట్లా ఉంటదంటే, ఒకే ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోరు మ్యాచ్ రోజు. అట్లాంటి చోట అటూ ఇటూ రెండు చొక్కాలు వేసుకుని, రెండు చోట్లా గౌరవం దక్కించుకోవడం డిఫెండర్‌కి ఇంకా కష్టం. ఫార్వర్డ్ పది తప్పులు చేసి ఒక్క గోల్ కొడితే భుజాల మీద ఎత్తుకుంటారు. డిఫెండర్ తొంభై నిమిషాలు సరిగ్గా ఆడి ఒక్కసారి జారితే చాలు, జీవితాంతం అదే గుర్తుంటది.

ఇప్పుడు 1970కి వద్దాం. బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్. కెప్టెన్ నయీముద్దీన్, వయసు 26. శిక్షకులు జి.ఎం.హెచ్. బాషా, పి.కె. బెనర్జీ. జట్టులో హబీబ్, సుధీర్ కర్మాకర్, శ్యామ్ థాపా, సుభాష్ భౌమిక్, మగన్ సింగ్ లాంటివాళ్ళు. సెమీఫైనల్‌లో మనం బర్మా చేతిలో ఓడిపోయాం. ఆ బర్మానే తర్వాత దక్షిణ కొరియాతో కలిసి బంగారం పంచుకుంది. మనకి మిగిలింది మూడో స్థానం మ్యాచ్. ఎదురుగా జపాన్.

ఆ జపాన్ ఏ జపాన్? రెండేళ్ళ ముందు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. మనం వాళ్ళని 1-0తో ఓడించాం. గోల్ మన్జీత్ సింగ్ కొట్టారు. ఒక్క గోల్‌తో గెలిచారంటే అర్థమేంటి? ముందున్నోళ్ళు ఒక్కసారి పని చేశారు, వెనకున్నోళ్ళు ఆట అయిపోయేదాకా పని చేశారు అని. స్కోర్‌బోర్డ్ మీద ‘1’ పక్కన గోల్ కొట్టినాయన పేరు రాస్తారు. ‘0’ పక్కన ఎవరి పేరూ రాయరు. ఆ సున్నా నయీముద్దీన్‌ది, ఆయన పక్కన నిలబడ్డ డిఫెండర్లది, గోల్‌కీపర్‌ది.

అదే ఏడాదికి ఆయనకి అర్జున అవార్డు వచ్చింది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి అదే ఆఖరి పతకం. మళ్ళీ ఇప్పటిదాకా రాలేదు. అర్ధ శతాబ్దం దాటింది.

ఆట మానేసినాక నయీముద్దీన్ కోచ్ అయ్యారు. డిఫెండర్లు కోచ్‌లుగా రాణించడం ప్రపంచంలో కొత్తేం కాదు. జర్మనీ బెకెన్‌బాయర్‌ని చూడండి. 1974లో కెప్టెన్‌గా ప్రపంచ కప్, 1990లో కోచ్‌గా ప్రపంచ కప్. ఆయన కూడా వెనక నుంచి ఆడిన మనిషే. ఎందుకట్లా? వెనక నిలబడ్డోడికి పదిమంది వీపులు కనబడతాయి. ఎవడు ఎక్కడ ఖాళీ వదిలాడు, ఎవడు అలసిపోయాడు, ఎవడు వెనక్కి రావట్లేదు, అన్నీ కళ్ళ ముందే. ఆట ఆడుతూనే ఆట మొత్తం చదువుతుంటాడు. కోచ్ పని కూడా అదే కదా, కాకపోతే గీత బయట నిలబడి.

విచిత్రం చూడండి, బెకెన్‌బాయర్ కోచ్‌గా గెలిచిన ఆ 1990లోనే మన నయీముద్దీన్ కోచ్‌గా ఈస్ట్ బెంగాల్ మూడు పెద్ద కప్పులు ఒకే సీజన్‌లో ఎత్తింది: ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్. త్రిపుల్ క్రౌన్ అంటారు దాన్ని. 1990 సంవత్సరానికే ద్రోణాచార్య అవార్డు కూడా. ఫుట్‌బాల్ కోచ్‌కి ద్రోణాచార్య రావడం అదే మొదలు. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య. భారతంలో ఎవరిది ఎవరికి చెల్లినా, ఇక్కడ రెండు పేర్లూ ఒక్క మనిషికే చెల్లాయి.

కోచ్‌గా ఆయనకి ఒక పేరుంది: కఠినం. తిండి దగ్గర, నిద్ర దగ్గర, సమయం దగ్గర రాజీ లేదు. అది కొందరు ఆటగాళ్ళకి నచ్చింది, కొందరికి నచ్చలేదు. నచ్చనివాళ్ళ వైపు కూడా న్యాయం ఉండొచ్చు, ఎందుకంటే కాలం మారింది, పెద్ద స్టార్లు వచ్చారు, బడిపిల్లల్లా వరసలో నిలబడమంటే నిలబడరు. కానీ ఆయన వచ్చిన బడి ఏది? రహీం సాబ్ బడి. అక్కడ క్రమశిక్షణే సిలబస్.

ఫలితాలు కూడా చెప్పుకోవాలి. 1997లో కఠ్మాండులో దక్షిణాసియా కప్ ఫైనల్‌లో ఇండియా మాల్దీవులని 5-1తో ఓడించింది, కోచ్ ఆయనే. 2005 డిసెంబర్‌లో కరాచీలో అదే కప్ ఫైనల్, బంగ్లాదేశ్ మీద 2-0, కోచ్ మళ్ళీ ఆయనే. ఢాకాలో బ్రదర్స్ యూనియన్ క్లబ్‌కి కోచింగ్ ఇచ్చారు. 2007లో ఏకంగా బంగ్లాదేశ్ జాతీయ జట్టుకే కోచ్ అయ్యారు. రెండేళ్ళ కింద ఫైనల్‌లో ఓడించిన దేశమే పిలిచి మా పిల్లలకి నేర్పండి అందంటే, ఆ మనిషి పని మీద ఉన్న నమ్మకం అది.

ఇప్పుడా చేదు స్కోరు దగ్గరికి రావాలి. కరాచీలో గెలిచిన రెండు నెలలకి, 2006 ఫిబ్రవరి 22. ఆసియా కప్ క్వాలిఫయర్. యోకోహామా. జపాన్ కోచ్ ఎవరంటే బ్రెజిల్ జీకో. మనకి ఆరు గోల్స్ పడ్డాయి. మనం ఒక్కటీ కొట్టలేదు. వారం తర్వాత ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3. నయీముద్దీన్ పదవి పోయింది. కొన్ని నెలలకి ఇంగ్లాండ్ నుంచి బాబ్ హౌటన్ వచ్చారు. అక్టోబర్‌లో బెంగళూరులో జపాన్‌తో మళ్ళీ ఆడితే 0-3. కోచ్ మారాడు, ఆరు మూడైంది, మన సున్నా సున్నాలానే ఉంది.

నేను ఈ రెండు జపాన్ మ్యాచ్‌ల దగ్గర చాలా రోజులు ఆగిపోయా. బగ్ ఎక్కడుందో వెతికినట్టు వెనక్కి పోతూ చూశా. మనిషి అదే మనిషి. దేశం అదే దేశం. మరి ఏం మారింది?

జపాన్ 1960లో జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే కోచ్‌ని తెచ్చుకుంది. 1965లో జాతీయ లీగ్ మొదలుపెట్టింది. దాని ఫలమే 1968 కాంస్యం. 1993లో పూర్తి ప్రొఫెషనల్ జె-లీగ్. 1998లో మొదటి ప్రపంచ కప్. అప్పట్నుంచి ఒక్క ప్రపంచ కప్ కూడా తప్పలేదు వాళ్ళకి. మనం? దేశం మొత్తానికి ఒక నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996లో. జపాన్ మొదటి లీగ్‌కి 31 ఏళ్ళ తర్వాత. అంతకుముందు మన దగ్గర దేశవాళీ మ్యాచ్ చాలా ఏళ్ళు 70 నిమిషాలే ఆడేవాళ్ళు. బయట దేశాల్లో 90. ఏడాదంతా 70కి అలవాటైన కాళ్ళు ఒక్కసారి 90 ఆడమంటే ఎట్లా ఆడతాయి? 1970 తరం అట్లాంటి చోట నుంచి వచ్చి పతకం తెచ్చిందంటే, అది సిస్టమ్ గెలుపు కాదు. రహీం సాబ్ లాంటి కొందరు మనుషుల గెలుపు. మనుషులు పోయాక సిస్టమ్ మిగలాలి. జపాన్‌కి మిగిలింది. మనకి మిగల్లేదు.

అందుకే 2006 ఓటమిని ఒక్క నయీముద్దీన్ ఖాతాలో రాయడానికి నాకు చెయ్యి రాదు. అలాగని కోచ్‌కి బాధ్యతే లేదనీ అనను. ఆరు గోల్స్ పడ్డ రోజు బెంచ్ మీద ఉన్నాయన ఆయనే, ఆ లెక్క ఆయనా ఒప్పుకోవాల్సిందే. కానీ 1970లో ఒక్క గోల్ ఆధిక్యాన్ని కాపాడిన మనిషి, 2006లో గీత బయట నిలబడి ఆరు గోల్స్ లోపలికి పోవడం చూశాడు. లోపలికి పోయి ఆపలేడు. డిఫెండర్‌కి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటది?

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఆయన కోచ్‌గా గెలిచిన ఊళ్ళ పేర్లు మళ్ళీ చదవండి. కలకత్తా. కఠ్మాండు. కరాచీ. 2016లో మోహన్ బగాన్ తన అత్యున్నత గౌరవం మోహన్ బగాన్ రత్న ఆయనకే ఇచ్చింది. అదీ కలకత్తానే. ఈ జాబితాలో హైదరాబాద్ లేదు. 1956, 57లలో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచిన ఊరు, ఇంతమంది ఇండియా ఆటగాళ్ళని కన్న ఊరు, తన కొడుకు కోచ్ అయి నిలబడేసరికి ఆయన స్థాయికి తగ్గ జట్టే లేకుండా పోయింది. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2022 మార్చిలో గోవాలో పెనాల్టీల మీద కేరళని ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది, మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. మూడేళ్ళు తిరగ్గానే డబ్బు ఇబ్బందులు, యాజమాన్యం మారడం, 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోవడం. అప్పుడు ఆటగాళ్ళు పోయేవాళ్ళు, ఇప్పుడు క్లబ్ క్లబ్బే పోయింది.

మరి మన దిక్కు, కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు? నిజాం కాలంలో ఫుట్‌బాల్ కంటోన్మెంట్ చుట్టూ, పోలీస్ లైన్ల చుట్టూ, హైదరాబాద్ బడుల చుట్టూ పెరిగింది. జిల్లాలకి ఆ తోట నీళ్ళు అంతగా పారలేదు. మాకు కబడ్డీ ఉండె, వాలీబాల్ ఉండె. ఫుట్‌బాల్ అంటే వానాకాలపు ఆటే.

కానీ పూర్తిగా చీకటి అని చెప్పి ముగించను, ఎందుకంటే అది నిజం కాదు. మా పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా జట్టుకి ఆడుతోంది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఆమె ఉంది. ఆ జట్టు పేరు ఏంటో తెలుసా? ఈస్ట్ బెంగాల్. 1966లో నయీముద్దీన్ రైలెక్కి చేరిన అదే క్లబ్. అరవై ఏళ్ళకి మన ఉత్తర తెలంగాణ తండా పిల్ల అదే ఎరుపు పసుపు చొక్కా వేసుకుంది. నాకు సంతోషం, గర్వం. దాంతోపాటే ఒక ప్రశ్న: ఇంకో అరవై ఏళ్ళ తర్వాత కూడా మన పిల్లలు ఆ రైలే ఎక్కాలా?

పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు మా పాత గ్రౌండ్‌కి పోయా. పిల్లలు ఆడుతున్నారు, క్రికెట్ కాదు, ఫుట్‌బాలే. ఒక బక్కపిల్లగాడిని వెనక నిలబెట్టారు, మొహం మాడ్చుకుని ఉన్నాడు. దగ్గరికి పోయి అడిగా, “ఏందిరా, ఆడబుద్ధి అయితలేదా?” “నాకు ఆట రాదని వెనక పెట్టిండ్రన్నా” అన్నాడు. వాడికి నయీముద్దీన్ కథ రెండు నిమిషాల్లో చెప్పా. మొత్తం అర్థమైందో లేదో తెల్వదు. వెనక్కి పోయి నిలబడ్డాడు. కొంచెంసేపటికి ముందున్నోళ్ళ మీద అరవడం మొదలుపెట్టాడు, “అరేయ్, ఎడమ దిక్కు ఖాళీ ఉందిరా, చూసుకోండ్రి!” అని.

వాడికి ఆట కనబడుతోంది. నేర్పేటోడు ఒకడు కావాలి, అంతే.

ఇంతే ఇయ్యాల్టికి. మీ ఇంట్లో, మీ వీధిలో పాత ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు, సిటీ పోలీస్ జట్టుని కళ్ళారా చూసినవాళ్ళు ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చుని ఒక గంట విని రాసిపెట్టండి. ఆ తరం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.